రామక్క నిద్ర

ఉదయం ప్యాసింజరు కూత వేసేసరికి ధర్మవరం మగ్గాల వీధిలో ఆడవాళ్లు చంకన పిల్లలతో రామక్క గడపలో నిలబడేవాళ్లు. రామక్క పిల్లల్ని పక్కన వేసుకుని తన నిద్ర వాళ్లకు పంచేది. పిల్లలు పాలవేళకు లేచి, తాగి, మళ్లీ పడుకునేవాళ్లు. ఆమె మాత్రం కునుకు తీసి ఏళ్లయింది.

"నిద్ర ఉండాదా అక్కా?" ఇంత ఉప్పు అడిగినట్టే అడిగింది చంకన బిడ్డతో వచ్చిన ఈశ్వరి.

"యాడిది మే? ఉన్న నలుగురికే చాలక మజ్జిగలో నీళ్లు పోసినట్టు పోస్తాండా. వేరే చోటు చూసుకో."

మగ్గం మీద అయిపోవచ్చిన పాత పడుగు దారాల కొసలకు కొత్త పడుగును పోగు పోగుగా మెలేసి అతకడం ఈశ్వరి పని. ఆమె వేసిన అతుకు ఊడిందని ఎవరూ అనలేదు. నిన్న బిడ్డ కాలికి తాడేసి మగ్గం గుంజకు కట్టి కూర్చుంటే, అది చెయ్యి చాచి గుప్పెడు పోగులు తెంపింది. ఈ సాయంత్రానికి అతక్కపోతే షావుకారు నేతకిచ్చిన పట్టు వెనక్కి తీసుకుపోతాడు.

వీధి చివర ఇంకో ఇంట్లోనూ పిల్లల్ని చూస్తారు. అక్కడ ఎప్పుడూ చోటుంటుంది. ఈశ్వరి వెళ్లింది. పిల్లలు వరసగా పడున్నారు. మూతుల మీద ఈగలు వాలినా కదలడం లేదు.

"రవ్వంత నల్లమందు నాలిక్కి రాస్తా. పొద్దు గూకేదాకా లెయ్యరు, నీకు నిమ్మళం" అంది ఇంటావిడ.

ఈశ్వరి బిడ్డతో తిరిగి రామక్క దగ్గరికే వచ్చింది.

"అక్కా, కొసన్నా మిగిలుండాదా?"

"పోగంత."

"చాలు. నా నిద్ర దానికి అతుకుతా. ఈ ఒక్కదినానికే."

"నీకు నిద్రుండదే పిచ్చిదానా."

"ఇప్పుడు పండుకుని ఉద్ధరిస్తాండానా?"

ఈశ్వరి పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చి, పోగు జారకుండా వేళ్లకు అద్దుకుంది. రామక్క కణత దగ్గర కొస దొరికింది. తన కణత నుంచి ఒక పోగు లాగి, రెండూ కలిపి మెలేసింది. బిడ్డ కళ్లు మూసుకుంది.

సాయంత్రానికి పడుగు అతికింది. పట్టు నిలిచింది.

మర్నాడు అతుకు విప్పుకుందామని వస్తే, రామక్క గోడవైపు తిరిగి గురకపెడుతోంది. పిలిచినా, కుదిపినా లేవలేదు. ఈశ్వరి కణత తడుముకుని అతుకు లాగింది. గోటితో గీకింది. ఊడలేదు.

గడపలో, రోజూ వచ్చే నీలావతి చంటివాణ్ణి దించుతోంది.

"నిద్ర ఉండాదా ఈశ్వరక్కా?"

అవతల తన ఇంట్లో మగ్గం మొదలైంది. మొగుడొక్కడే నేస్తున్నాడు. ఈశ్వరి ఆవులించబోయింది. రాలేదు.

"ఉండాది. పండబెట్టు" అంది.