గోడకి అంటించాల్సిన కాగితం

పెద్ద దుప్పటి మడవాలంటే ఎవరికైనా రెండో మనిషి కావాలి. ఆమెకి అక్కర్లేదు. ఒక అంచు గడ్డం కింద నొక్కిపట్టి, చేతులు బారచాపి, ఒక్క విదిలింపుతో మూలకి మూల కలిపేస్తుంది. అందుకే ఆసుపత్రి సెల్లార్‌లో, బట్టలుతికే విభాగంలో ఆమెని అందరూ మడతలమ్మ అంటారు. "ఇంట్లో అవతలి కొస పట్టుకునేవాళ్లు లేకపోతే ఇలాంటి పనితనమే వస్తుంది" అంటుంది రోలర్ మీద ఇస్త్రీ చేసే పెద్దామె. ఆ పెద్దామె రోలరక్క. నోట్లో నువ్వుగింజ నానదు గాని, మనసు మంచిది.

ఆ ఉదయం కూడా మడతలమ్మ దుప్పట్లు మడుస్తూనే ఉంది. ఇన్‌ఛార్జి తన గాజు గదిలోంచి వచ్చి, ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, వెళ్లబోతూ ఆగాడు.

"నిలబడి నీళ్లు తాగకు తల్లీ. మోకాళ్లు పాడవుతాయి."

అందరినీ తల్లీ అనే పిలుస్తాడు. గొంతు ఎప్పుడూ పెంచడు. ఆమె సరేనన్నట్టు తల ఊపింది. మరో మూడు దుప్పట్లు మడిచింది. నాలుగోది గడ్డం కింద ఉండగా ఆమె చేతులు ఆగిపోయాయి. ఆమె ఇక్కడ నీళ్లు కూర్చునే తాగుతుంది, భోజనాల బెంచీ మీద, అందరితోపాటు. నిలబడి తాగేది ఇంట్లో. ఆ సంగతి ఈ భూమ్మీద ఒక్క ప్రాణికీ చెప్పలేదు. ఫోన్‌కి చెప్పింది.

బస్సు దిగి ఇంటికి నడిచే పన్నెండు నిమిషాలు ఆమెవి. రోజు మొత్తంలో ఆమెవి అనుకోదగ్గవి అవే. ఏడాదిగా ఆ పన్నెండు నిమిషాల్లో ఫోన్ చెవికి పెట్టుకుని, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, తన గొంతు తనే రికార్డు చేసుకుంటోంది. మొదట్లో ఒకటీ అరా. తర్వాత అలవాటైంది. 'ఇవాళ నీళ్లు కూడా నిలబడే తాగాను. కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు పిలుస్తారు. ఆ పిలుపు ఎటు నుంచి వస్తుందో అని చెవులు రిక్కించుకుని తాగడం కంటే నిలబడి తాగడమే హాయి.' ఇలాంటివి. పెద్ద రహస్యాలేం కావు. ఎవరైనా వింటే నవ్వుకునేంత చిన్నవి. కాని అవి చెప్పేశాక ఆమె ఇంటి గుమ్మం తేలిగ్గా ఎక్కగలిగేది. తర్వాత ఎప్పుడూ వెనక్కి పెట్టుకుని వినలేదు కూడా. ఇప్పుడు వాటిని ఇంకొకడు, చెవిలో తీగలు పెట్టుకుని, గాజు గదిలో కూర్చుని, టీ తాగుతూ విన్నాడు. ఎన్ని విన్నాడు? ఎప్పటి నుంచి వింటున్నాడు?

ఫోన్ అతని చేతికి ఎలా వెళ్లిందంటే, రోజూ వెళ్లేదే. ఈ ఆసుపత్రిలో హాజరు ఫోన్‌లోనే పడాలి. ఎనిమిది లోపు నొక్కకపోతే ఒక పూట జీతం పోయినట్టే. ఆ యాప్ ఆసుపత్రి వైఫై మీద తప్ప పనిచెయ్యదు. ఆ వైఫై పేరు ఎవరి ఫోన్‌లోనూ కనపడదు. పై అంతస్తు వాళ్లవీ, ఎదురు మందుల దుకాణం వాళ్లవీ వరసగా కనపడతాయి గాని, ఇది మాత్రం కనపడదు. దాచిన నెట్‌వర్క్ అట. కనపడనిదాన్ని పేరు పెట్టి పిలవాలి, ఆ పేరు ఇన్‌ఛార్జికే తెలుసు. "సెల్లార్ గోడలు మందం కదా తల్లీ, రోజూ జారిపోతుంది, ఎక్కిస్తూ ఉండాలి" అంటాడు. అందుకని పొద్దున్నే పదకొండు మంది ఆడవాళ్లు వరసలో నిలబడి, ఫోన్ లాక్ తీసి, అతని చేతిలో పెడతారు. అతను లోపలికి పట్టుకెళ్తాడు. అరగంటకో గంటకో ఒక్కొక్కటే తిరిగొస్తుంది. ఫోన్‌తోపాటు ఒక మాట కూడా వస్తుంది. 'ఆ ఎరుపు నీకు నప్పుతుంది' అని ఒకామెతో. 'మీ చెల్లెలికి ఇంకా సంబంధం కుదరలేదా' అని ఇంకొకామెతో. అందరూ నవ్వేసి ఊరుకునేవాళ్లు. ఊరుకోవడం కూడా ఆ ఉద్యోగంలో ఒక భాగమే అన్నట్టు.

ఆర్నెల్ల కిందట ఒకసారి ఆమె ఈ ఫోన్ల సంగతి భర్తకి చెప్పింది. అతను రంగుల దుకాణంలో పనిచేస్తాడు. గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. "నువ్వేమన్నా మంత్రివా, నీ ఫోన్ పనిగట్టుకుని చూడ్డానికి" అన్నాడు. తర్వాత కాస్త ఆలోచించి, "దాచుకోవాల్సింది ఉన్నవాళ్లకి కదా భయం" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఫోన్ అతని చేతిలోనే ఉంది. రోజూ ఆమె వంటింట్లోకి వెళ్లగానే అతను ఆమె సంచిలోంచి ఫోన్ తీసి, ఎవరు చేశారో, ఎవరికి చేసిందో చూస్తాడు. రికార్డుల దాకా వెళ్లడు. ఆడది తనలో తను మాట్లాడుకుంటుందన్న ఊహే అతనికి లేదు. "మొగుడికి చూపించలేనిది ఆడదాని దగ్గర ఏముంటుందే" అని అత్తగారు కూడా ఒక మాట వేస్తుంది. పొద్దున ఒకడు, సాయంత్రం ఒకడు. ఇన్నాళ్లూ ఆ రెంటినీ కలిపి చూడలేదు తను. ఇప్పుడు చూసింది.

భోజనాల వేళ బెంచీ చివర కూర్చుని రికార్డులు తెరిచింది. నూట నలభై ఆరు ఉన్నాయి. అన్నీ చెరిపేద్దామని గుర్తు పెట్టింది. చెత్తబుట్ట బొమ్మ మీదికి వేలు వెళ్లింది. అక్కడే ఆగింది. దొంగతనంగా విన్నవాడు చల్లగా గదిలో కూర్చున్నాడు, చెప్పుకున్నది నేను చెరుపుకోవాలా అనుకుంది. ఫోన్ మూసేసి రోలరక్క పక్కకి జరిగి, జరిగింది చెప్పింది.

రోలరక్క చేతిలో ముద్ద గిన్నెలో పెట్టేసింది.

"నా ఫోన్‌లో నా కోడలి పురిటి ఫోటోలున్నాయి" అంది. "పిల్లని పక్కలో వేసుకుని తీసినవి. తీసిన మర్నాడు ఆ ఇన్‌ఛార్జి, మనవరాలు పసుపుగా ఉంది, ఎండలో పెట్టమన్నాడు. మంచికే చెప్పాడనుకున్నా."

"ఆ పేరేదో మనకి చెప్పమని అడుగుదాం అక్కా."

"అడిగాను. పైవాళ్లు ఎవరికీ చెప్పొద్దన్నారన్నాడు."

"పైవాళ్లంటే ఎవరు?"



మధ్యాహ్నం మూడో అంతస్తుకి ఉతికిన కర్టెన్లు వెళ్లాలి. మామూలుగా బండి తోసేవాడు తీసుకెళ్తాడు. ఆరోజు ఆమె తనే పట్టుకెళ్లింది. కర్టెన్లు ఇచ్చేసి, కంప్యూటర్ల గది ముందు బండి ఆపింది. లోపల కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ ఏదో పెట్టె విప్పి తీగలు సర్దుకుంటోంది. ఆమె గుమ్మంలోనే నిలబడి, రెండుసార్లు గొంతు సవరించుకుంది.

"మేడం, సెల్లార్లో వైఫై రోజూ జారిపోతోంది. ఫోన్‌లోకి మేమే ఎక్కించుకోవచ్చా?"

"రోజూనా?" ఆఫీసరమ్మ తలెత్తింది. "ఒకసారి ఎక్కితే ఫోన్ దానంతటది మర్చిపోదండీ. మర్చిపోమని ఎవరో ఒకరు నొక్కితేనే మర్చిపోతుంది."

ఆమెకి ఆ మాట అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అంటే అతను ఎక్కించి, హాజరు వేసి, తిరిగి ఇచ్చే ముందు మళ్లీ తుడిచేస్తున్నాడు. మర్నాడు మళ్లీ వరస కట్టాలి గనక.

"ఎలా ఎక్కించుకోవాలో మీ గోడ మీద ఉంది కదా" అంటోంది ఆఫీసరమ్మ.

"మా గోడ మీద ఏమీ లేదు మేడం."

ఆఫీసరమ్మ ఒక ఫైలు తీసి వెనక్కి తిప్పుకుంటూ వెళ్లింది. ఒక కాగితం దగ్గర ఆగి ఆమె వైపు తిప్పింది. అన్ని విభాగాలకీ పంపిన కాగితం నకలు. అడుగున 'సిబ్బంది అందరికీ కనపడేలా గోడకి అంటించవలెను' అని ఉంది. దాని కింద ఇన్‌ఛార్జి సంతకం, అందినట్టు. తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది.

ఎనిమిది నెలలు. ఆ గోడ ఆమె కళ్ల ముందు కదిలింది. సబ్బు పొడి పట్టీ, మంటలార్పే డబ్బా, పాత క్యాలెండరు. వాటి పక్కన ఉండాల్సిన ఒక్క కాగితం అతని సొరుగులో ఉంటే చాలు, పదకొండు మంది జీవితాలు అతని అరచేతిలోకి వచ్చి పడ్డాయి.

ఆఫీసరమ్మ ఆమె గుర్తింపు కార్డు చూసింది. ఇంకో నకలు తీసి ఇచ్చింది. ఎలా చెయ్యాలో రెండుసార్లు చెప్పింది. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకేమైనా జరిగిందా అక్కడ?" అని అడిగింది. ఆమె చేతిలో నకలు నాలుగు మడతలు పెట్టింది. "రాసిస్తే నేను పైకి పంపిస్తాను. మీరు ఆలోచించుకోండి" అంది ఆఫీసరమ్మ. తనని మీరు అన్న మనిషిని చూసి ఎన్నాళ్లయిందో అనుకుంటూ ఆమె బండి తోసుకుని దిగింది.

మర్నాడు ఏడుంపావుకే వచ్చింది. రోలరక్కకీ ముందే చెప్పి ఉంచింది. ఇద్దరూ డ్రయ్యర్ల వెనక నిలబడ్డారు. వైఫై తెరిచి, కింది దాకా జరిపితే 'నెట్‌వర్క్ జోడించు' అని ఉంది. నొక్కింది. పేరు అడిగింది. కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చూసి కొట్టింది. మొదటిది పెద్దది, మిగతావి చిన్నవి, మధ్యలో అడ్డగీత, చివర రెండంకెలు. తప్పుగా కొడితే దొరకదని చెప్పింది ఆఫీసరమ్మ, పొల్లు తేడా వచ్చినా పలకదని. సేవ్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ మొదటి నుంచి కొట్టింది. మళ్లీ ఏమీ కాలేదు. ఏడున్నర దాటింది. మెట్ల మీద ఇన్‌ఛార్జి చెప్పుల చప్పుడు వినపడింది.

"పోనీలే, ఇవాళ్టికి ఇచ్చేద్దాం" అంది రోలరక్క, చెమట తుడుచుకుంటూ.

"ఒక్క నిమిషం అక్కా."

కాగితం మళ్లీ చదివింది. 'భద్రత' అన్నచోట ఏదో ఎంచుకోవాలి. తను దాన్ని 'ఏదీ లేదు' అనే ఉంచేసింది. అందుకే పాస్‌వర్డ్ అడగనేలేదు. అది మార్చగానే కింద ఖాళీ గడి తెరుచుకుంది. పాస్‌వర్డ్ కొట్టింది. ఇంకా కిందికి వెళ్లి, 'దాచిన నెట్‌వర్క్' అన్నచోట 'అవును' పెట్టింది. సేవ్. చిన్న చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. తర్వాత, ఏమీ ఎరగనట్టు, 'కనెక్ట్ అయింది' అని వచ్చింది. హాజరు నొక్కింది. పచ్చ టిక్కు పడింది.

రోలరక్క ఫోన్‌లో మూడు నిమిషాలు పట్టింది. తర్వాతామెకి రెండు. ఇన్‌ఛార్జి వచ్చి వరస కోసం చూసేసరికి వరస లేదు. కాగితం క్యాలెండరు పక్కన గోడ మీద ఉంది. నలుగురు ఆడవాళ్లు దాని ముందు తలలు కలిపి నిలబడ్డారు.

"ఫోన్ ఇవ్వు తల్లీ" అన్నాడు ఆమెతో, చెయ్యి చాచి.

"అక్కర్లేదండీ. హాజరు పడింది."

అతను గోడ వైపు చూశాడు. చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అందరూ పనిలో పడ్డాక, ఆమె బల్ల దగ్గరికి వచ్చి, అదే మెత్తటి గొంతుతో అన్నాడు. "మీ ఆయన నంబరు నా దగ్గరుంది. నువ్వు ఆయన గురించి ఏమేం చెప్పుకున్నావో ఆయనకి తెలుసా?"

ఆమె మడుస్తున్న దుప్పటి జారి కింద పడింది. తీసి, విదిలించి, మళ్లీ మొదలుపెట్టింది. మూలకి మూల కలిసింది. భోజనాల వేళ ఒక తెల్ల కాగితం అడిగి తెచ్చుకుని, జరిగింది జరిగినట్టు రాసింది. విన్నాడు అన్న మాట దగ్గర కలం ఆగింది. అది రాస్తే ఏం విన్నాడని అడుగుతారు. అడగనీ అనుకుని రాసింది. రోలరక్క సంతకం పెట్టింది. మరో ఆరుగురు పెట్టారు. ముగ్గురు, మా ఇంట్లో తెలిస్తే గొడవమ్మా అని పెట్టలేదు. ఆమె వాళ్లని బలవంతపెట్టలేదు. మూడో అంతస్తులో కాగితం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ ఆమె ఆరోజు ఫోన్‌కి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది లేక కాదు. గుమ్మంలోంచే తెలిసిపోయింది. టీవీ చప్పుడు పూర్తిగా తగ్గించి ఉంది. భర్త దుకాణం నుంచి రెండు గంటలు ముందే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు మంచం మీద కూర్చుని, కోడలి మొహం వైపు చూడకుండా చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది.

"మీ ఇన్‌ఛార్జి చేశాడు" అన్నాడు.

"చేస్తాడని తెలుసు."

"ఊళ్లోవాళ్లంతా వినేలా నా గురించి ఫోన్‌లో వాగి పెట్టావట. పరువు మిగిల్చావా? ఎవరో పరాయివాడు నాకు ఫోన్ చేసి, మీ ఆవిణ్ణి కాస్త మంచిగా చూసుకోండి సార్ అంటున్నాడు."

"నా ఫోన్‌లోది అతనెలా విన్నాడని అడిగారా?"

"మాట మార్చకు. ఫోన్ ఇలా తే."

ఆమె అతన్ని పరీక్షగా చూసింది. భార్య మాటలు పరాయివాడు దొంగచాటుగా విన్నాడన్న కోపం ఆ మొహంలో వెతికింది. ఎక్కడైనా కాస్త ఉంటుందేమోనని నిజంగానే వెతికింది. లేదు. ఉన్న కోపమంతా విన్నవాడి మీద కాదు, వాడికి వినపడిన దాని మీద. పదకొండేళ్లుగా ఈ మనిషిని తను ఒక్కోసారి మంచివాడనీ, ఒక్కోసారి మొరటువాడనీ, పని ఒత్తిడనీ, అతని తల్లి పెంపకమనీ రకరకాలుగా సర్దుకుని చూసింది. ఈ క్షణంలో సర్దుకోవడానికి ఏమీ మిగల్లేదు. చిత్రంగా ఆమెకి భయం కూడా తగ్గింది. చెయ్యాల్సిన పని ఏమిటో తెలిసిపోయినప్పుడు వచ్చే నిదానం వచ్చింది.

"ఇవ్వను" అంది.

అత్తగారి చేతులు కుచ్చెళ్ల మీద ఆగిపోయాయి. అతను కుర్చీలోంచి సగం లేచాడు.

"ఇవ్వవా?"

"ఇవ్వను. అది నాది. కాని అందులో ఏముందో మీకు తెలియాలి. మీతో చెప్పాల్సినవే అన్నీ. చెప్పే వీలు లేక దానితో చెప్పుకున్నాను. వేరేవాళ్ల దగ్గర వినడం ఎందుకు, నేనే చెబుతాను. కూర్చోండి."

"ముందు పొయ్యి వెలిగించు, పొద్దుపోతోంది" అంది అత్తగారు, ఎటో చూస్తూ.

"ఇవాళ పొయ్యి ఆగుతుంది అత్తయ్యా. మీరూ వినండి, మీరు కూడా ఉన్నారు ఇందులో."

సంచి కింద పెట్టి, వాళ్లిద్దరికీ ఎదురుగా కుర్చీ లాక్కుంది. గదిలో టీవీ బొమ్మలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అతను లేచినవాడు లేచినట్టే కాసేపు ఉండి, ఎందుకో తనకే తెలియనట్టు, మెల్లగా కూర్చున్నాడు.

"మా అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడు పొద్దున తొమ్మిదిన్నర" అంది ఆమె. "మీ అందరికీ వడ్డించి, గిన్నెలు కడిగి, నేను గుమ్మం దాటేసరికి పన్నెండైంది. అక్కడి నుంచి మొదలుపెడతాను."