ఇందుజ చీరకు చోటు

మా ఆయన ప్లాస్టిక్ తొడగకుండా వదిలేసిన వస్తువు మా ఇంట్లో నేనొక్కదాన్నే. రిమోట్‌కు కవరు, సోఫాకు కవరు, గ్యాసు పుస్తకానికి రెండు కవర్లు. ఇరవై ఏళ్లు బ్యాంకులో పనిచేస్తే మనిషికి కాగితం మీద ప్రేమ పుడుతుంది కాబోలు. నేను కాగితాన్ని కాకపోవడం నా అదృష్టం.

చదువుకునే రోజుల్లో వరంగల్ హాస్టల్లో నా గదిలో ఉన్న ఇందుజకూ నాకూ ఒక ఆట ఉంది. ఒకరం పోస్టుకార్డు మీద సగం బొమ్మ చేసి పంపుతాం. రెండోవాళ్లు మిగతా సగం నింపి తిప్పి పంపాలి. ఫోన్లు వద్దనుకున్నాం. ఫోన్లో "బాగున్నారా, బాగున్నాం" అయ్యేసరికి పప్పు మాడుతుంది. కరీంనగర్‌లో తను నీళ్ల మీద రంగులు తేల్చి కార్డు ముంచి పంపితే, సూరత్‌లో నేను దాని మీద దారంతో పడవ కుట్టేదాన్ని.

ఒక ఏడు జూన్‌లో కార్డు మీద మా హాస్టల్ మేడ చేశాను. బెండకాయ అడ్డంగా కోసి, రంగులో అద్ది, గోడ నిండా పూలు వేశాను. దారం అంటించి దండెం కట్టాను. కింది వాటాలో చీరలకు అంచులు కుట్టే లలితమ్మనడిగి గుడ్డముక్క తెచ్చి, దండెం మీద నా పసుపు చీర ఒక్కటే ఆరేశాను. పక్కన చోటంతా ఇందుజ చీరకు. పోస్టు చెయ్యమని ఆయనకిచ్చాను.

జూలై పోయింది, ఆగస్టు పోయింది. మెట్ల మీద చప్పుడైతే చాలు, పిండి చేతులతోనే తలుపు తీసేదాన్ని. దసరా నాటికి పోస్ట్‌మన్ నన్ను చూడగానే దూరం నుంచే "నథీ, బెన్" అని, ఏమీ రాలేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపేవాడు.

"ఓ ఫోన్ కొట్టరాదూ?" అనేవారు మా ఆయన.

"వంతు దానిది."

"అయితే చూస్తూ కూర్చో."

దీపావళి వెళ్లాక ఒక కవరొచ్చింది. లోపల నా కార్డే. కానీ తళతళలాడుతోంది. రెండు వైపులా గట్టి ప్లాస్టిక్. ఖాళీ దండెం మీద జిగురు మరకలు, ఊడిన ఆకుపచ్చ పోగులు. వెంట ఒక చీటీ: "మూడుసార్లు అంటించానే విశాలా. నిలవట్లేదు. నా చీర అక్కర్లేదంటే చెప్పెయ్యరాదూ?"

సాయంత్రం కార్డును ఆయన టీ కప్పు పక్కన పెట్టాను.

"ఆఁ, లామినేషన్ నేనే చేయించా. వరాఛాలో మా బ్రాంచి కిందే కొత్తగా షాపు పెట్టారు. వానల్లో తడిసిపోదూ మరి?"

"ఇప్పుడది తన చీర ఎక్కడ ఆరేసుకోవాలండీ?"

"ఎవరి చీర?"

మూడేళ్లుగా ఆ కార్డులన్నీ పోస్టు చేసిన మనిషి! ఆటేమిటో మొదటిసారి చెప్పాను.

"ఓస్, ఇంతేనా? తీసేస్తే పోలా," అని బ్లేడు తెచ్చారు. ప్లాస్టిక్‌తో పాటు పూలు లేచాయి, దండెం లేచింది, నా పసుపు చీరా లేచింది. సర్వీసు మొత్తంలో ఆయన చేతుల్లో చిరిగిన మొదటి కాగితం అదే అయ్యుండాలి.

చిరిగిన ముక్కలన్నీ ఏరి ఆయన టీ కప్పు పక్కన పేర్చాను. ఆయన దగ్గర అరుపు కంటే అదే బాగా పనిచేస్తుంది.

ఆయన లేచి ఫోన్ దగ్గరికి వెళ్లారు. "నంబరు చెప్పు."

"స్పీకరు నొక్కండి," అన్నాను. వినాలి కదా.

"ఎవరండీ?" ఎన్నాళ్లకో విన్న ఇందుజ గొంతు.

"అమ్మా, సూరత్ నుంచి ధర్మారావుని. విశాలాక్షి మీకు చోటుంచే పంపింది. మధ్యలో ప్లాస్టిక్‌తో మూసింది నేను." ఆగి నా వైపు చూశారు. నేను ఫోన్ వైపు చూపించాను.

"తప్పు నాదేనమ్మా."