ఫోన్‌లో వినపడని గొంతు

“ఏమ్మే ప్రేమలతా, పొద్దున ఇంటి చాకిరీ, మధ్యాహ్నం మొగుని షాపు చాకిరీ. రెంటికీ కలిపి వాడిచ్చే జీతమేంది, మూరెడు మల్లెపూలా?”

షాపు లోపలికి రాకముందే కుళ్ళాయప్ప చిన్నాయన మొదలుపెట్టాడు. పెనుకొండలో తన టీకొట్టు పక్క గది ఖాళీగా ఉంది, అక్కడ సొంతంగా కంప్యూటర్ పెట్టుకోమని చాన్నాళ్లుగా పోరుతున్నాడు. గొంతు మార్చి, కస్టమర్‌లాగా ఫోన్ చేసి నన్ను ఆటపట్టించే మనిషి ఏది నిజంగా అంటాడో ఎవరికి తెలుసు? నవ్వి ఊరుకున్నాను. నాకు ఆశ లేక కాదు. నా చేత అవుతుందన్న నమ్మకం లేక.

హిందూపురంలో మా స్టూడియో బోర్డు మీద పేరు మా ఆయన మారుతిది. పాత క్యాసెట్లు, డీవీడీలు ఫోన్‌లో ఆడేలా మార్చేది, వాటిలో గరగరలు తీసేది నేను. “ఎంత బాగా చేసినారప్పా” అని ఎవరన్నా మెచ్చుకుంటే మారుతి తల ఊపుతాడు, నేను టీ గ్లాసులు ఎత్తుతాను. “కూచోని మీటలు నొక్కేది కూడా ఒక పనేనా, దానికేం వచ్చని” అనేది మా అత్త నరసమ్మ. వినీ వినీ నేనూ నమ్మాను. పాడైన సౌండు నా చేతుల్లో బాగుపడితే అదంతా కంప్యూటర్ గొప్పే అనుకునేదాన్ని. అత్త పోయి ఏడాది కావస్తోంది.

రేపు సంవత్సరీకం. ఆమె కనిపించే వీడియో బంధువులకు పంపాలని మారుతి మా గృహప్రవేశం డీవీడీ ఇచ్చి బయటికి వెళ్లాడు. మార్చాను. కంప్యూటర్ రెండు స్పీకర్లలో, మారుతి ఆ రోజు మైకులో ఇచ్చిన ఉపన్యాసం కాస్త బోలుగా వినిపించింది. ఫోన్‌లో పెడితే అసలు ఆయన గొంతే లేదు. పెదాలు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. కాసేపటికి ఆ పెదాల వెనక నుంచి అత్త మాట్లాడింది.

చిన్నాయన చేష్టేమోనని తిరిగి చూశాను. చేతిలో టీ గ్లాసుతో బిగుసుకుపోయి ఉన్నాడు.

“దాన్ని పొగడొద్దు కీర్తనా,” కూతురితో అంటోంది అత్త. “ఆ పిల్ల లేకుంటే షాపు ఒక్క దినం నడవదు. ఆ సంగతి దానికి తెలిస్తే మన మాట వింటాదా?”

“అన్నకు తెల్సా?”

“వాడే చెప్పినాడు, ‘దానికేమీ రాదని అంటా ఉండు మా’ అని.”

తెర మీద మారుతి నోరు తెరుస్తూ, మూస్తూనే ఉన్నాడు. చనిపోయిన తల్లి ఆ నోటితోనే మాట్లాడుతున్నట్టుంది. బయట ఎండ మండుతోంది. నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

కారణం నాకు వెంటనే తెలిసింది. ఆ రోజు మైకు వైరు ఒక పక్క తిరగేసి కలిపారు. కుడి స్పీకర్లో సూటిగా, ఎడమ దాంట్లో తలకిందులుగా పలికిన మారుతి గొంతు, ఫోన్‌లోని ఒకే స్పీకర్‌లోకి చేరేసరికి తనను తానే మింగేసుకుంది. వంటింటి తలుపు పక్కనున్న కెమెరా పట్టుకున్న లోపలి మాటలు మిగిలాయి. ఒక పక్క సౌండు తీసేస్తే చాలు, ఆయన గొంతు తిరిగొస్తుంది, అత్త మాట అడుగున అణిగిపోతుంది. కానీ చెయ్యి కదలలేదు. ఇన్నేళ్లూ లోపం ఎక్కడుందా అని నాలోనే వెతుక్కున్నాను. చారులో ఉప్పు దగ్గర్నుంచి వీడియోలో సౌండు దాకా ప్రతిదీ భయం భయంగా వాళ్ల ముందు పెట్టాను. నాలో లోపం లేదని ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. నేను విడివిడిగా విన్న అత్త గొంతూ, మొగుని గొంతూ నిజానికి ఒక్కటే.

మారుతి వచ్చాడు. ఫోన్‌లోది వినిపించాను. ఆయన ముఖం పాలిపోయింది.

“ఇది ఎవరూ వినకూడదు. సరిచెయ్యి,” అన్నాడు. “నీకు తప్ప ఇంకెవురికి వస్తాది?”

సరిచేసి ఫోన్ చేతికిచ్చాను.

“ఈడ నా పని అయిపోయింది. ఇంక పెనుకొండలో కూచుంటా.”

చిన్నాయన వైపు ఓరగా చూసి, నవ్వు తెచ్చుకున్నాడు మారుతి. “ఆడ నీకు పని తెచ్చిచ్చేది ఎవురే?”

“మొదట మీరే,” అన్నాను.