నన్ను పాడైందని రాశారు

నేను ఒక టేప్ రికార్డర్‌ని. ఈర్ష్య నాకు పుట్టుకతోనే వచ్చింది. ఫ్యాక్టరీలో నా పక్కన తయారైన పెట్టెకి రెండు స్పీకర్లు బిగించి, నాకు ఒక్కటే బిగించారు. అప్పటినుంచీ నాకు మనశ్శాంతి లేదు.

ఉత్తరాంధ్రలోని ఒక కాలేజీలో ప్రాంతీయ అధ్యయన శాఖ నడిపే సన్యాసిరావు గారు తన మొదటి పరిశోధన గ్రాంటుతో నన్ను కొన్నారు. ఊళ్లు తిరిగి దుమ్ము తిన్నది నేను. గుడ్డ కప్పి గౌరవించింది మాత్రం గ్రాంటు దరఖాస్తు కొట్టిన టైపు మిషన్‌ని. మండదా మరి?

ఆయన రిటైరవుతూ నన్ను శిష్యురాలు ఇందుమతికి ఇచ్చారు. సముద్రం ఒడ్డున ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ల పాటలు సేకరించడం ఆమె పని. నన్ను ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చునేది. నేను ఎవరినీ చూసి కుళ్లుకోని రోజులు అవొక్కటే.

తర్వాత ల్యాప్‌టాప్ వచ్చింది. ఇందుమతి దాని ముందే తినేది, దాన్ని చూసే నవ్వేది. పోనీలే, మడుల దగ్గర నా విలువ నాకుంది. ఆ పాటల నిండా యజమాని మీదా మొగుడి మీదా వేళాకోళమే. ఒకసారి ఇందుమతి వీడియో తీద్దామని ఫోన్ పైకెత్తగానే కూర్మమ్మ అనే పెద్దావిడ పాడడం ఆపేసింది.

"దానికి కళ్లున్నాయమ్మా. నా మొకం ఊరంతా సూసీస్తాది. ఈ పెట్టికైతే సెవులే గదా. దీన్నెట్టు, పాడతాను."

ఆ పూట నా పొగరు చూడాలి!

ఇంతలో మడులు పూడ్చి ప్లాట్లు వేస్తారని తేలింది. వానలు పడేలోగా ఆడవాళ్లంతా తలో దిక్కూ పోతారు. ఆలోపు అన్ని మడులూ తిరగాలంటే గ్రాంటు రావాలి. ఇందుమతి దరఖాస్తుకి కూర్చుంది, ల్యాప్‌టాప్ ముందే లెండి. అందులో 'దృక్పథం' అడుగడుగునా ఉంది, 'ఉప్పు'ని మాత్రం వెతుక్కోవాలి. సన్యాసిరావు గారు చదివి పెదవి విరిచారు.

"ఈ ఏడు పనిచేసే రికార్డర్ లేనివాళ్లకే ఇస్తారమ్మా. పాతది పాడైందని రాసెయ్."

"బాగానే పనిచేస్తోంది కదండీ?"

"అలా రాస్తే గ్రాంటు రాదు."

ఆమె నా వైపు చూడకుండా రాసింది.

గ్రాంటు మంజూరైంది. అరచేతిలో ఇమిడే కొత్త రికార్డర్ వచ్చింది. కూర్మమ్మ దాన్ని తిప్పి చూసి, "దీనికీ కళ్లు లేవు, మంచిదే" అందట. నాకున్న ఆ ఒక్క గొప్పా పోయింది.

అయితే పాడైన పాతదాన్ని తనిఖీ చేసి తుక్కులో వేస్తే తప్ప మిగతా డబ్బు విడుదల కాదు. తనిఖీ రోజు ఉదయం ఇందుమతి నాలో కొత్త బ్యాటరీలు వేసి, కూర్మమ్మ పాట ఆఖరిసారి వింటోంది. తనిఖీ ఆయన అనుకున్నదానికంటే ముందే వచ్చేశాడు. ఆమె నన్ను ఆపగలిగింది గానీ బ్యాటరీలు తీయలేకపోయింది.

"ఇదేనా పాడైంది?" అంటూ ఆయన మీట నొక్కాడు.

నేను నోరు విప్పితే చాలు, గ్రాంటు రద్దు, కొత్తది వాపసు. మళ్లీ ఆ ఒళ్లో నేనే. పాడాలని ఎంత కోరికగా ఉందో చెప్పలేను. కానీ తిరగాల్సిన మడులు ఇంకా సగం ఉన్నాయి. ఆకాశంలో అప్పుడే మబ్బులు కనిపిస్తున్నాయి. నేను చక్రం కదలనివ్వలేదు.

ఆయన నన్ను ఊపాడు, నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. "ఇది పోయిందండీ" అని సంతకం పెట్టాడు.

తుక్కు గదికి ఇందుమతే మోసుకెళ్లింది. బ్యాటరీలు తీసి చేతిలో పట్టుకుంది. "ఎందుకే పాడలేదు?" అంది. జవాబు చెప్పడానికి నాలో కరెంటు లేదు.

ఇప్పుడు పాత కుర్చీల మధ్య ఉన్నాను. గోడ అవతల గదిలో ఆమె కొత్తదాన్ని పాడిస్తోంది. ఎవరో కొత్త గొంతు, నేనెన్నడూ ఎక్కించుకోని పాట. గరగర అన్నదే లేదు. దిక్కుమాలింది, నాకన్నా బాగా వినిపిస్తోంది. కడుపు రగిలిపోతోంది, అయినా ఒక్క మాట కూడా వదలకుండా వింటున్నాను.