తంగేడును పీకి తంగేడు వనం

తంగేడును చంపింది మీరే. పార్కు ఆఫీసులో కూర్చున్న రాజేశ్వర్ రావు గారూ, మీరే. వనం పనికి కొబ్బరికాయ కొట్టి ఫోటో దిగిన పెద్దమనుషులూ, మీరే. దారం కట్టిన మా ఊరివాళ్లం కూడా. మమ్మల్ని తప్పించి రాయడం లేదు.

ధర్మసాగర్ దాటాక మా ఊరి వెనక ఒక గుట్ట ఉంది. ఎర్రమొరం, రాళ్లు, ఎండ. అక్కడ వరి పండదు, మామిడి బతకదు. తంగేడు మాత్రం నడుమెత్తు పెరుగుతుంది. ఎవడూ చెంబెడు నీళ్లు పోయకున్నా వానాకాలం చివర గుట్టకు పసుపు పూసినట్టు విరగబూస్తుంది. మేక దాని జోలికి పోదు. మనకు మాత్రం పుల్ల విరిస్తే పళ్లు తోముకోవడానికి, పూలు కోస్తే బతుకమ్మ మొదటి వరుసకు.

ఆ గుట్ట బక్కమ్మది. పట్టా ప్రకారం కాదు, తిరుగుడు ప్రకారం. అరవై ఏళ్లు దాటిన మనిషి, నలభై ఏళ్లుగా అక్కడే మేకలు కాస్తోంది. ఊరందరి బతుకమ్మలకు తంగేడు ఎక్కడ కోయాలో, ఎంత వదలాలో చెప్పేది ఆమే. "బంతిపూలతోని మొదలువెడితె అది బతుకమ్మ గాదు, పెండ్లి స్టేజీ" అంటుంది.

ఈ ఎండాకాలం రాజేశ్వర్ రావు జీపులో వచ్చాడు. ఇక్కడ రాష్ట్ర పుష్ప వనం వస్తుందన్నాడు. ఏ పువ్వు అంటే తంగేడు అన్నాడు.

"గది ఉన్నది గద సారూ?" అంది బక్కమ్మ.

"ఇవి పిచ్చిపొదలమ్మా. మేం సైంటిఫిక్‌గా పెడతాం."

మూడు రోజుల్లో జేసీబీ సగం గుట్టకు గుండు గీకింది. తంగేడు పెట్టడానికి తంగేడును పీకారు. ఈ మాటను ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు రాదు. గుంతలు తవ్వి, చెరువు నల్లమట్టి నింపి, నర్సరీ సంచుల్లోని మొక్కలను వరుసగా నాటారు. మధ్యలో సిమెంటు బెంచీలు. మేకలు తినకుండా చుట్టూ కంచె. తినని మేకకు కంచె! పొద్దున ఒక ట్యాంకరు, మాపున ఒక ట్యాంకరు. దాన్ని తోలేది యాకయ్య, బక్కమ్మకు మరిది వరుస.

"ఏం జేస్తానవ్ యాకయ్యా? వేర్లు కుళ్లుతయ్ రా!"

"నాకు తెల్వదా వదినె? పొయ్యకుంటె సారు తిడ్తడు, పోస్తె నువ్వు తిడ్తవ్. మొక్కకు నోరుంటె అది గూడ తిడ్తుండె."

వానలు పడ్డాయి. ట్యాంకరు ఆగలేదు. కాంట్రాక్టులో రెండు పూటలని రాసి ఉందట. యాకయ్య గొడుగు పట్టుకుని నీళ్లు పోశాడు. బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చేసరికి వరుసల్లో ఎండుపుల్లలు నిలబడ్డాయి. సరిగ్గా అప్పుడే కబురొచ్చింది: పెద్దాఫీసరు ప్రేమలత మేడం వనం చూడటానికి వస్తున్నారు, పూలతో ఫోటోలు కావాలి.

రాజేశ్వర్ రావు బక్కమ్మ వాకిట్లోకి వచ్చాడు. బూట్లు కూడా విప్పాడు, అంత భయం.

"అవ్వా, మిగిలిన సగం గుట్ట మీద పూత మస్తుగ ఉంది. జర కోసి మా మొక్కలకు కట్టియ్యరాదు? పూలు పేర్చుడు మీ ఆడోళ్లకు ఒకరు నేర్పాల్నా?"

"కడితె నాకేందట?"

"ఆ సగం జోలికి రాను. నా మాట."

"కాయితం మీద రాస్తవా?"

"మాట చాలదా అవ్వా?"

చాలదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా సగమన్నా మిగులుతుందని ఆమె ఒప్పుకుంది. మేమూ తలలూపాం. ఆ తలలను ఏం చేసినా పాపం లేదు.

తెల్లవారుజామునే ఆడవాళ్లంతా కంచె లోపల చేరి, ఎండుపుల్లలకు పూలగుత్తులు పెట్టి పసుపుదారంతో కట్టారు. పక్కింటి మొగిలమ్మ ఊరుకోలేదు. "పీనుగకు పూలు పెట్టుడు సూశ్న గని, పీనుగే పూసినట్టు కట్టుడు గిదే మొదలు!"

పదింటికి మేడం వచ్చారు. వనం నిజంగానే అందంగా ఉంది, కట్టింది మావాళ్లు మరి. మేడం ఫోటోలు దిగి, అక్కడి నుంచే పైవాళ్లకు పంపారు. తర్వాత మిగిలిన గుట్ట వైపు చూశారు.

"ఇంత బాగా వచ్చాయి కదా రావు గారూ, ఆ పక్క పిచ్చిపొదలు ఎందుకు ఉంచారు? సోమవారం అవీ తీసేసి ఇలాగే పెట్టండి."

రాజేశ్వర్ రావు నోరు తెరిచాడు. పొదలు ఎందుకు ఉంచాలో చెప్పాలంటే పుల్లల సంగతి చెప్పాలి. నోరు మూసి, "ఎస్ మేడం" అన్నాడు.

బక్కమ్మ వరుసలోకి పోయి ఒక మొక్కను పట్టి లాగింది. బలం కూడా పెట్టలేదు, వేరుతో సహా చేతికొచ్చింది. మేడం ముక్కు ముందు పట్టింది.

"సూడు బిడ్డా. పువ్వు మా గుట్టది. దారం నాది. గీ కుళ్లిన వేరు ఒక్కటే మీది."

మేడం వేరును చూసింది, రావును చూసింది, చేతిలోని ఫోనును చూసింది.

"ఫోటోలు పైకి పోయాయి కదా," అని కారెక్కింది.

సోమవారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. యాకయ్య ట్యాంకరును దారికి అడ్డం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, బండి చెడిపోయిందన్నాడు. బక్కమ్మ మేకలను తోలుకొచ్చి ట్యాంకరు ముందు కూర్చుంది. ఆమె వెనక మేం కూర్చున్నాం. ఇది అక్కడి నుంచే రాస్తున్నాను.

ఏం చేయాలో వినండి. రేపు కాదు, ఈ పూటే. జేసీబీని వెనక్కి తోలండి. మిగిలిన సగాన్ని ముట్టమని కాగితం మీద రాసి, రావు గారితోపాటు మేడం కూడా సంతకం పెట్టి, ఇక్కడికొచ్చి బక్కమ్మ చేతికివ్వండి. గుండు గీకిన సగంలోంచి మీ నల్లమట్టి, బెంచీలు, కంచె అన్నీ ఎత్తుకుపోండి. మిగిలిన పొదల మీద కాయలు ఎండి, పగిలి, విత్తనం మొరంలో పడేదాకా మీలో ఒక్కడు కూడా నీళ్లచెంబు పట్టుకుని ఈ గుట్ట ఎక్కొద్దు!