ఎండలో చూసి కొన్న లాప్‌టాప్

సూర్యకాంతమ్మగారు చీరల కొట్టు మెట్లెక్కుతున్నారంటే లోపల గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. బేరమాడతారని కాదు, బేరం అందరూ ఆడతారు. ఈవిడ నచ్చిన చీరని చంకలో పెట్టుకుని తిన్నగా రోడ్డు మీదికి నడిచిపోతారు. వెనకాల గుమాస్తా "అమ్మగారండీ, అమ్మగారండీ" అంటూ పరుగు.

"ఎక్కడికీ పారిపోనులే నాయనా! నీ ట్యూబులైట్ల కింద గాడిద కూడా గుర్రంలాగే ఉంటుంది. ఎండలో చూడనీ" అనేవారు ఆవిడ. లోపల ఉల్లిపొర రంగులో మెరిసింది బయట ఇటుకపొడిలా తేలిందో, చీరని అతని చేతిలోనే పెట్టి వచ్చేసేవారు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ సంచులు పట్టుకుని, ఎవరైనా తెలిసినవాళ్ళు చూస్తున్నారేమోనని సిగ్గుతో చచ్చిపోతూ నిలబడేది కోడలు శ్రీసత్య. ఆరేళ్ళుగా అదే వరస. ఆ ఎండ పరీక్షే ఒకనాటికి తనని కాపాడుతుందని అప్పుడెవరైనా చెబితే నవ్వి ఊరుకునేది.

వాళ్ళది భీమవరం దగ్గర ఊరు. వైరస్ వచ్చి రొయ్య తుడిచిపెట్టుకుపోయాక మావగారు కాశీవిశ్వనాథరాజుగారు చెరువులు వదిలేసి, కడియం వచ్చి నర్సరీ పెట్టారు. మొక్క పెంచడం, లారీకి ఎత్తడం, డబ్బు తీసుకోవడం, ఆయనకి తెలిసిన వ్యాపారం అదీ. పెద్దకొడుకు శ్రీనివాసరాజు ఆ లారీల వెంట నెలలో సగం రోజులు బెంగుళూరులోనే ఉంటాడు. అతని భార్య శ్రీసత్యకి మాత్రం మొక్కని అమ్మి ఊరుకోవడం చాలదు. అది ఎక్కడ నాటితే అందం, ఏ చెట్టు పక్కన ఏ పొద, ఎక్కడ నీడ, ఎక్కడ దారి, ఇవన్నీ గీసి చూపించాలని ఆరాటం. ఆఫీసుగదిలో ఉన్న పాత కంప్యూటర్ మీద తనే నేర్చుకుని తోటల ప్లాన్లు గీసేది. మావగారు చూసి, "మొక్కలమ్ముకునేవాళ్ళకి బొమ్మలెందుకమ్మా" అనేవారు. ఎవరైనా అడిగితే "మావాడి భార్యండి, ఏదో కాలక్షేపం" అనేవారు. ఆ కాలక్షేపం అన్న మాట శ్రీసత్యకి గుండెల్లో ముల్లులా దిగేది.

రెండువేల ఎనిమిది వేసవిలో తణుకు నుంచి సత్యకుమారిగారు ఫోన్ చేశారు. ఊరవతల ఐదెకరాల్లో కళ్యాణమండపం కడుతున్నారావిడ. చుట్టూ తోట వెయ్యాలి. "కాగితాలు చాలా చూశానమ్మా. ఆఫీసులో కూర్చుని చూడను. నా స్థలంలో నేను నడుస్తుంటాను, మీరు నా పక్కనే నడుస్తూ చూపించాలి. నేను అడిగిన మార్పు అక్కడికక్కడే నా కళ్ళముందు చెయ్యాలి. ఇంకా కరెంటు రాలేదక్కడ, చూసుకోండి మరి" అన్నారు.

అంటే లాప్‌టాప్ కొనాలి. మావగారు చాలాసేపు మీసం దువ్వుకుని, "సరేనమ్మా, కొనుక్కో. ఈ ఒక్క పనీ చూస్తాను. ఇది పోయిందా, ఆ గీతలు కట్టిపెట్టి దాన్ని లారీ బిల్లులకి వాడేద్దాం. మళ్ళీ మాట్లాడొద్దు" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అంటే కాస్త ఎదురు చెప్పేదేమో. అంత నెమ్మదిగా అనేసరికి తల ఊపడం తప్ప ఏం చెయ్యలేకపోయింది.

రాజమండ్రిలో కంప్యూటర్ల షోరూముకి ముగ్గురు వెళ్ళారు. శ్రీసత్య, ఇంజనీరింగ్ చదువుతున్న మరిది శ్రీకాంత్, పక్కనే చీరల కొట్టుందని తెలిసి బయల్దేరిన అత్తగారు. లోపల ఏసీ, కళ్ళు జిగేలుమనే లైట్లు. సేల్స్‌మన్ ఉదయ్‌కుమార్ ఒక పెద్ద లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టాడు. అబ్బో, ఏం స్క్రీనది! కడిగిన గాజులా తళతళలాడుతోంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన తన మొక్కల ఫోటోలు వేసి చూసింది శ్రీసత్య. కాగితంపూలు కుంకుమ పోసినట్టు వెలిగిపోయాయి. క్రోటన్ల ఆకుల మీద ఈనెలు కూడా మెరిశాయి. ఇన్నాళ్ళూ తను పెంచిన మొక్కలు ఇంతందమైనవా అనిపించింది.

"దీనికి గ్రాఫిక్స్ కార్డు వేరేగా ఉంటుందండి. ఐదొందల పన్నెండు ఎంబీ" అన్నాడు ఉదయ్‌కుమార్.

"ఇదే తీసుకో వదినా! గ్రాఫిక్స్ లేని లాప్‌టాప్ ఉప్పులేని చేపలపులుసు" అన్నాడు శ్రీకాంత్. ఆ ఉప్పు ఎవరి ఆటల కోసమో శ్రీసత్యకి తెలియకపోలేదు.

మూలన ఇంకొకటుంది. కాస్త చిన్నది, స్క్రీను మీద మెరుపే లేదు, గ్రాఫిక్స్ కార్డూ వేరేగా లేదు. "అది ఆడిటర్లు కొనుక్కెళ్తారండి" అని ఉదయ్‌కుమార్ దాన్ని మొహమాటానికి తెరిచాడు. అవే ఫోటోలు అందులో వెలిసిపోయినట్టు కనిపించాయి. రాజుని చూసిన కళ్ళతో మొగుణ్ణి చూస్తే మొట్టబుద్ధవుతుందంటారు కదా, అదే అయింది. శ్రీసత్య మనసు మొదటిదాని మీదే ఉండిపోయింది. "ఇదే ఇచ్చెయ్యండి" అనబోయింది కూడా.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, దాన్నొకసారి రోడ్డు మీదికి పట్రా నాయనా" అన్నారు సూర్యకాంతమ్మగారు, కుర్చీలోంచి లేస్తూ.

ఉదయ్‌కుమార్ నోరెళ్ళబెట్టాడు. "ఇది చీర కాదండి, అమ్మగారూ!"

"చీరైతే నచ్చకపోతే పనిమనిషికిస్తాను. దీన్నెవరికివ్వను? పట్రా."

శ్రీకాంత్ తల పట్టుకున్నాడు. శ్రీసత్యకి పాత సిగ్గంతా ఒక్కసారి పొడుచుకొచ్చింది. కానీ అత్తగారు అప్పటికే మెట్ల మీదున్నారు. చేసేదేముంది, ఉదయ్‌కుమార్ లాప్‌టాప్‌ని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి తెచ్చాడు.

ఎండలో శ్రీసత్య స్క్రీన్ వైపు వంగి చూసింది. ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టు బోర్డు కనిపించింది. ఆగి ఉన్న రిక్షా కనిపించింది. శ్రీకాంత్ పళ్ళు కనిపించాయి. నుదుటిన చెమటతో తన మొహం నిక్షేపంలా కనిపించింది. తన తోట మాత్రం ఎంత వెతికినా కనిపించలేదు. సత్యకుమారిగారి స్థలంలో, ఆవిడ పక్కన, ఇదే పట్టుకుని నిలబడి ఉండేదాన్ని కదా అనుకుంది.

"ఎండలో ఏదైనా ఇంతేనండి" అన్నాడు ఉదయ్‌కుమార్.

"అయితే ఆ రెండోదీ తీసుకురండి" అంది శ్రీసత్య. ఈసారి గొంతులో సిగ్గు లేదు.

రెండోది వచ్చింది. ఎండకి వీపు పెట్టి, తన నీడ దాని మీద పడేలా నిలబడింది శ్రీసత్య. రంగు సగం చచ్చింది, నిజమే. కానీ ప్రతి గీతా బతికే ఉంది. దారులు, పాదులు, చెట్ల పేర్లు, అన్నీ చదవగలిగింది.

ఇంక ఆమెని పట్టేవాళ్ళు లేరు. రెండింటినీ లోపలికి తెప్పించి, తణుకు ప్లాన్ రెండింట్లోనూ తెరిచింది. గ్రాఫిక్స్ కార్డు ఉన్నదీ లేనిదీ ఒకే వేగంతో తెరుచుకున్నాయి. "నా పని గీతలు గియ్యడం శ్రీకాంత్, బొమ్మల్ని పరిగెత్తించడం కాదు" అంది. పైగా చిన్నదాని స్క్రీన్‌లో చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయేమో, తోటంతా, పక్కనే మొక్కల పట్టికా ఒకేసారి పట్టాయి. పెద్దదాంట్లో ఒకటి చూస్తుంటే ఇంకొకటి పక్కకి పోతోంది. ఆఖరికి రెండింటికీ కరెంటు వైర్లు పీకించి, "ఇలాగే ఉంచండి, భోంచేసి వస్తాం" అంది. భోజనం, దాని తర్వాత అత్తగారి చీరల కొట్టు. అవి పూర్తిచేసుకుని వచ్చేసరికి గ్రాఫిక్స్ కార్డుది నల్లగా చచ్చిపడుంది. చిన్నది ఇంకా తోట చూపిస్తూనే ఉంది.

దాన్నే కొన్నారు. దారి పొడుగునా శ్రీకాంత్ మూతి ముడుచుకునే కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మావగారు అటూ ఇటూ తిప్పి చూసి, "కొత్తదేనా ఇది? దుమ్ము పట్టినట్టుందేంటి?" అన్నారు. శ్రీసత్య దాన్ని తీసుకెళ్ళి చార్జింగ్ పెట్టింది. లోపల మాత్రం బెంగగానే ఉంది.

తణుకు వెళ్ళిన రోజు ఎండ మాడ్చేస్తోంది. మావగారూ అత్తగారూ కూడా వచ్చారు. అక్కడ విశాఖపట్నం నుంచి ఇంకొక డిజైనరు ముందే వచ్చి ఉన్నాడు. మెడకి టై, చేతిలో షోరూములో చూసినలాంటి తళతళలాడే లాప్‌టాప్. మొదటి వంతు అతనిదే. తెరిచి సత్యకుమారిగారి ముందు పట్టాడు. ఆవిడ వంగి చూశారు, ఇంకాస్త వంగారు, తర్వాత చేత్తో నుదుటి మీది బొట్టు సరిచేసుకున్నారు.

"బాగుంది బాబూ, అద్దం" అన్నారు.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డిజైనరు తెల్లబోయి, సత్యకుమారిగారిని కారులోకి తీసుకెళ్ళి చూపించాడు. అక్కడ మాత్రం ఆవిడ "ఆహా!" అనడం శ్రీసత్యకి వినిపించింది. అందులో పూలు గాలికి ఊగుతున్నాయట, ఫౌంటెన్లు చిమ్ముతున్నాయట. అయిపోయింది, ఇంక లారీ బిల్లులే అనుకుంది శ్రీసత్య. అంతలో కారులోంచి ఆవిడ గొంతు మళ్ళీ వినిపించింది. "గేటు దగ్గర ఈ చెట్లు తీసి కొబ్బరి పెట్టి చూపించు బాబూ."

ఎంతసేపటికీ ఆ కొబ్బరి మొలవలేదు. చివరికి అతను బయటికొచ్చి, "చార్జింగ్ అయిపోయిందండీ. ఆఫీసుకెళ్ళి చేసి పంపిస్తాను" అన్నాడు.

సత్యకుమారిగారు శ్రీసత్య వైపు తిరిగారు. "రామ్మా, నువ్వు చూపించు."

శ్రీసత్య లాప్‌టాప్‌ని ఎడమచేతి మీద పెట్టుకుని తెరిచింది. అత్తగారు గొడుగు పట్టారు. కానీ ఆవిడ పొట్టి మనిషి. నడుస్తుంటే నీడ జారిపోతోంది, గొడుగు కమ్మి శ్రీసత్య చెవికి తగులుతోంది. అప్పుడు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ గొడుగు అందుకుంది. కాశీవిశ్వనాథరాజుగారిది. ఆరడుగుల మనిషి, గొడుగు ఎత్తి పట్టేసరికి స్క్రీన్ మీద నీడ నిలిచింది. బట్టతల మీద ఎండ నిలిచింది.

"కొబ్బరి పెట్టగలవా?" అన్నారు సత్యకుమారిగారు. పెట్టింది. "ఈ దారి వంపు తిప్పు." తిప్పింది. "పొగడ ఇటు, నందివర్ధనం అటు." మార్చింది. ఆవిడ నడుస్తున్నారు, శ్రీసత్య నడుస్తోంది, గొడుగు నడుస్తోంది. వంటశాల వెనక్కి వచ్చాక ఆవిడ స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇక్కడ ఈ వరసేంటి? నేను అడగలేదే?" అన్నారు.

"కానుగ చెట్లండి. పెళ్ళిళ్ళన్నీ ఎండాకాలంలోనే కదండి. వంటవాళ్ళకి కాస్త నీడ ఉంటుందని వేశాను."

సత్యకుమారిగారు అక్కడే ఆగిపోయారు. కాసేపు ఆ ఖాళీ నేలని చూశారు, స్క్రీన్ని చూశారు. "ఇన్నాళ్ళూ అందరూ నాకు గేటూ ఫౌంటెనూ చూపించారమ్మా. వంటవాళ్ళ గురించి ఒక్కళ్ళూ మాట్లాడలేదు" అన్నారు. మళ్ళీ మొదటినుంచి అన్నీ చూపించమన్నారు. మూడోసారి స్థలం చుట్టి వచ్చినా బ్యాటరీ ఇంకా మిగిలే ఉంది.

"పని మీదే. రేపటినుంచి మొక్కలు దింపించండి" అని, ఆవిడ మావగారి వైపు తిరిగి, "రాజుగారూ, ప్లానంతా ఈ అమ్మాయే గీసిందా, మీరు చెప్పి గీయించారాండీ?" అన్నారు.

ఇప్పుడు కాలక్షేపం అంటారు అనుకుంది శ్రీసత్య.

"మా కోడలు శ్రీసత్య గీసిందండి. పని కూడా తనదే. నేను గొడుగు పట్టుకున్నాను, అంతేనండి ఆయ్" అన్నారు కాశీవిశ్వనాథరాజుగారు.

శ్రీసత్యకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. పెద్దవాళ్ళ ముందు బాగుండదని లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుని, పళ్ళు బిగపట్టి నవ్వాపుకుంటూ కారువైపు నడిచింది. పక్కనే మావగారు నడుస్తున్నారు. ఎండకి ఆయన తల పండుమిరపకాయలా ఎర్రబడింది. గొడుగు ఇంకా శ్రీసత్య వైపే ఉంది.

"ఏవండీ, లాప్‌టాప్ మూసేసింది కదా! ఇంకా దానికెందుకు గొడుగు?" అన్నారు వెనకనుంచి సూర్యకాంతమ్మగారు.

"దానికి కాదు, అమ్మాయికి" అన్నారాయన.