కల్ అంటే

పెద్దిరాజు కుడిచెయ్యి మూసుకోదు. గల్ఫ్‌కి వచ్చి, సజ్జాలో పదకొండేళ్ళు తాపీ పట్టిన చెయ్యి. మణికట్టు ఆపరేషన్‌లో నరం తెగిందని, తప్పు ఆస్పత్రిదేనని బయటి డాక్టరొకాయన రిపోర్టు రాసిచ్చాడు. గడువులోగా అది కోర్టులో పడితేనే కేసు నిలుస్తుంది. పెద్దిరాజు తీసుకెళ్ళేసరికి ఒక్క రోజు దాటిపోయింది. కౌంటర్లో వెనక్కి తోసేశారు. కేసు పోయిన రోజే వీసా ఖలాస్, ఇక ఇంటికేనని ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, ముందే చెప్పాడు.

పొరపాటంతా ఒక్క మాటలో జరిగింది. గడువు చివరి రోజు పొద్దున వకీలు గుమాస్తా తారిఖ్ ఫోన్ చేసి, "రాజు భాయ్, రిపోర్ట్ కల్ జమా?" అన్నాడు. నిన్న ఇచ్చేశావా అని అతను అడిగాడు. హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. లేబర్ క్యాంపులో నేర్చిన హిందీ కదా, పెద్దిరాజుకి రేపనే వినపడింది. ఇంకా ఒకరోజుందనుకుని, "హా భాయ్, కల్ పక్కా" అన్నాడు. రిపోర్టు అప్పటికే సంచిలో ఉంది. ఇచ్చేశాడనుకున్న తారిఖ్ గడువు పెంచమని అర్జీ పెట్టలేదు.

"ఆ రోజు జబ్బు చేసిందని కాగితం తే. జడ్జి మాఫ్ చేస్తాడు," అన్నాడు తారిఖ్ హిందీలో.

పెద్దిరాజు ఇన్సూరెన్సు కార్డు చెల్లేది ఒక్కచోటే. చెయ్యి పోగొట్టిన ఆ ఆస్పత్రిలోనే. అక్కడ నర్సు దయాకుమారిది పాలకొల్లు. ఫోన్ చేశాడు.

"జొరమని వత్తే కాగితం ఇత్తారు అన్నయ్యా. ఇయ్యాల్టి తేదీతోనే."

"పాత తేదీ ఎయ్యించలేవా అమ్మా?"

"నా లైసెన్సు ఊడుద్ది. అయినా కేసేసినోడివి మళ్ళీ మా మందే మింగుతావా? మా ఆస్పత్రి వకీలు నవ్విపోతాడు."

"సర్లే. అడగలేదనుకో."

మర్నాడు డేరాలోని వకీలు ఆఫీసులో తారిఖ్ ఎదురుగా కూర్చున్నాడు.

"జరిగింది రాసెయ్ భాయ్. కల్ అంటే నువ్వొకటి అన్నావు, నేనొకటి విన్నాను."

"అది రాస్తే మా వకీలు నన్ను ఈ రోజే గెంటేస్తాడు. మా ఆవిడకి నెలలు నిండాయి."

"పోనీ నాకే సరిగా వినపడలేదని రాయి."

"అప్పుడు తప్పు నీదవుతుంది. మాఫ్ అవదు."

తారిఖ్ టైపు కొట్టడం మొదలుపెట్టాడు. రెండుసార్లు చెరిపాడు. చివరికి అరబీలో ఏడు వరుసల కాగితం ప్రింటరులోంచి వచ్చింది.

"తప్పు ఎవరిదని రాశావు?"

తారిఖ్ తల ఎత్తలేదు. "సంతకం చెయ్యి భాయ్. కౌంటర్ మూసేస్తారు."

పెద్దిరాజు కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు. ఆ ఏడు వరుసల్లో తన పేరేదో, తారిఖ్ పేరేదో కూడా పోల్చుకోలేకపోయాడు. గోడ గడియారం వైపు చూశాడు. ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, చూపించిన చోట వంకరగా సంతకం గీశాడు.